బొగ్గుపులుసు వాయువు నుండి ఇంధనము

గోబర్ గ్యాసు ప్లాంటు గల రైతులు ఒక సంగతి గమనింపవలెను. అందు పుట్టు గ్యాసంతయు మండునది కాదు. నూటికి సుమారు 60 పాళ్లు మీథేను. పొయ్యిలో మండునది అదియే. తక్కినదానిలో అధిక భాగము బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు. ఇది మండదు. దీనిని గూడ ఇంధనముగా మార్చవచ్చునా? మార్చవచ్చును. కాని అందుకగు ఖర్చును ముందుగా తెలిసికొనుట మేలు.

మార్చు విధము

కట్టె కాలిన పిమ్మట బూడిద మిగులునట్లు, బొగ్గు కాలిన పిమ్మట ఈ వాయువు మిగులును. దీనిని మరల ఇంధనముగా చేయవలెనన్న వెలుపలి నుండి శక్తి నీయవలెను. పైరు ఆకు ఈ పనిని ఎండ సాయమున చేయుచున్నది. యంత్రములో ఆ శక్తిని హైడ్రోజన్ ద్వారా అందింతురు. విద్యుత్తుతో నీటిని విడదీసిన హైడ్రోజన్ లభించును. ఈ రెండు వాయువులను వేడిచేసి నికెల్ లోహము మీదుగా పంపిన మీథేను, నీరు ఏర్పడును.

ఈ మార్గము చూపినవారు ఫ్రాన్సు దేశపు పాల్ సబాటియే. లోహపు పొడి సాయమున కర్బన పదార్థములకు హైడ్రోజన్ చేర్చు పద్ధతికి 1912లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. జర్మనీలోని వెర్ల్టె వద్ద 2013లో ఆడి కార్ల కంపెనీ, ప్రక్కనున్న బయోగ్యాసు ప్లాంటు విడుచు బొగ్గుపులుసు వాయువుతో మీథేను చేయు కర్మాగారమును ఈ పద్ధతిననే ప్రారంభించినది.

ఖర్చు లెక్క

44 కిలోల బొగ్గుపులుసు వాయువుకు 8 కిలోల హైడ్రోజన్ కావలెను. వచ్చునది 16 కిలోల మీథేను, 36 కిలోల నీరు. కిలో హైడ్రోజన్ తీయుటకు సుమారు 50 యూనిట్ల విద్యుత్తు పట్టును. 8 కిలోలకు 400 యూనిట్లు. ఆ మీథేను మండిన వచ్చు వేడి సుమారు 220 యూనిట్లకు సమానము. అనగా పెట్టినదానిలో సగముకంటె కొంచెమే ఎక్కువ తిరిగి వచ్చును. దానితో ఇంజను నడిపినచో మరికొంత నష్టము.

రైతు చేయదగినది

కావున కొన్న కరెంటుతో ఈ పని గిట్టదు. ఆ కరెంటుతో నేరుగా మోటారు నడుపుటయే లాభము. సౌరవిద్యుత్తు, గాలిమరల విద్యుత్తు వాడకమునకు మించి మిగులు చోట్ల మాత్రము ఈ పద్ధతి ఆ శక్తిని నిలువ చేయుటకు పనికివచ్చును. "గాలి ఉచితము గనుక ఇంధనమూ ఉచితమే" అని యంత్రము అమ్మజూపువారిని, హైడ్రోజన్ ఎచ్చటి నుండి వచ్చును, ఎన్ని యూనిట్లు కాలును అని అడుగుడు.

గడ్డి, ఆకు, పేడ మీ పైరు ఎండతో ఇదివరకే చేసిపెట్టిన ఇంధనము. గడ్డిని పొలములో తగులబెట్టక పశువులకు మేపుడు. పేడను ప్లాంటునకును, అందుండి వెలువడు స్లర్రీని పొలమునకును చేర్చుడు.