గృహజీవన చరిత్రకు ఆకరంగా బొమ్మల ఇల్లు: డచ్చి బొమ్మల ఇళ్లు - ఒక పరిశీలన

సారాంశం:

గృహజీవన చరిత్రను రాయడానికి లిఖిత ఆకరాలు చాలా తక్కువ. ఇంటిపని చేసినవారు తమ పనిని గురించి రాసుకోకపోవడం ఇందుకు ప్రధాన కారణం. ఈ కొరతను కొంతవరకు తీర్చగల వస్తురూప ఆకరం బొమ్మల ఇల్లు. 17, 18 శతాబ్దాల్లో నెదర్లాండ్స్‌లో సంపన్న స్త్రీలు తయారు చేయించుకొన్న బొమ్మల ఇళ్లను ఆధారంగా చేసుకొని, వాటిలోని గదులు ఆనాటి గృహజీవనాన్ని ఎలా తెలుపుతున్నాయో, ఏ విషయాలను మరుగుపరుస్తున్నాయో ఈ వ్యాసం వివరిస్తుంది. బొమ్మల ఇంటిని అసలు ఇంటికి నకలుగా కాక, యజమానురాలు కూర్చిన ఒక పాఠంగా చదవాలని ప్రతిపాదిస్తుంది. ఈ పఠన పద్ధతి తెలుగువారి బొమ్మల కొలువు అధ్యయనానికి ఏ విధంగా ఉపయోగపడుతుందో చివర సూచిస్తుంది.

కీలక పదాలు: బొమ్మల ఇల్లు, గృహజీవనం, వస్తు సంస్కృతి, స్త్రీల చరిత్ర, నెదర్లాండ్స్, బొమ్మల కొలువు.

1. ఉపోద్ఘాతం:

రాజు చేసిన దానానికి శాసనం ఉంటుంది. వర్తకుడు చేసిన వ్యాపారానికి చిట్టా ఉంటుంది. వంటగదిలో జరిగిన పనికి మాత్రం ఇవేవీ ఉండవు. పొయ్యి ఎక్కడ ఉండేది, వంటచెరకు ఎక్కడ దాచేవారు, ఉతికిన బట్టలు ఎక్కడ ఆరేవి, పురిటాలు ఏ గదిలో పడుకొనేది వంటి ప్రశ్నలకు సమాధానం వెతికే పరిశోధకుడు వీలునామాలను, ఆస్తి జాబితాలను, చిత్రాలను, కథాసాహిత్యంలోని వర్ణనలను ఆశ్రయించవలసి వస్తుంది. వీటిలో ప్రతి ఆకరానికీ ఒక హద్దు ఉంది. ఆస్తి జాబితా వస్తువు పేరు చెబుతుంది గాని, చాలాసార్లు అది ఏ వస్తువు పక్కన ఉండేదో చెప్పదు. చిత్రకారుడు తనకు నచ్చిన ఒక మూలను చూపి తక్కిన ఇంటిని వదిలేస్తాడు. అటక నుండి వంటగది వరకు ఇంటిని మొత్తంగా, వస్తువులతో సహా ఒకేచోట చూపే ఆకరం బొమ్మల ఇల్లు.

ఇక్కడ పరిభాష విషయంలో ఒక స్పష్టత అవసరం. తెలుగులో బొమ్మరిల్లు అనగానే పిల్లలు ఇసుకతోనో మట్టితోనో కట్టుకొనే ఆట ఇల్లు మనసులో మెదులుతుంది. ఈ వ్యాసంలో చర్చిస్తున్నవి పిల్లల ఆటవస్తువులు కావు. పెద్దలు, ముఖ్యంగా ధనిక కుటుంబాల స్త్రీలు, నిపుణులైన పనివారి చేత ఏళ్ల తరబడి చేయించుకొన్న సూక్ష్మ గృహాలు. అందుచేత వీటికి బొమ్మల ఇల్లు అనే పదాన్ని వాడుతున్నాను.

2. బొమ్మల ఇళ్ల తొలిరూపాలు:

ఐరోపాలో మనకు తెలిసిన తొలి బొమ్మల ఇళ్లలో ఒకటి బవేరియా ప్రభువు ఐదవ ఆల్బ్రెక్ట్ 1557-58 ప్రాంతంలో మ్యూనిక్‌లో చేయించినది. ఆ ఇల్లు నేడు లేదు. 1598లో తయారైన ప్రభువు సేకరణల జాబితా ద్వారా మాత్రమే దాని వివరాలు తెలుస్తున్నాయి. అది ప్రభువు వైభవాన్ని తెలిపే వింతవస్తువు.

17వ శతాబ్దంలో జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరంలో దీని ప్రయోజనం మారింది. 1631లో ఆన్నా కోఫెర్లిన్ అనే స్త్రీ తాను సమకూర్చిన బొమ్మల ఇంటిని ప్రజలకు ప్రదర్శించింది. దానితోపాటు ముద్రించిన కరపత్రంలో, పిల్లలు ఈ ఇంటిని చూసి గృహనిర్వహణ నేర్చుకోవాలని ఉద్బోధించింది. ఇదే నగరానికి చెందిన 1639 నాటి ష్ట్రోమర్ బొమ్మల ఇల్లు న్యూరెంబర్గ్‌లోని జర్మన్ జాతీయ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. రాజప్రాసాదంలో వింతగా ఉన్న వస్తువు నగర గృహిణి చేతిలో బోధన సాధనమైంది.

3. డచ్చి బొమ్మల ఇల్లు - స్వరూపం:

నెదర్లాండ్స్‌లో బొమ్మల ఇల్లు బయటినుండి ఇల్లులా కనిపించదు. అది ఒక పెద్ద బీరువా. తలుపులు తెరిస్తే లోపలి అరలే గదులు. ఆనాటి సంపన్న పురుషులు నాణేలను, గవ్వలను, వింత వస్తువులను ఇటువంటి బీరువాల్లోనే సేకరించి అతిథులకు చూపేవారు. స్త్రీలు అదే బీరువాలో ఇంటిని నిలిపారు. పురుషుని సేకరణ ప్రపంచాన్ని ఇంటిలోకి తెస్తే, స్త్రీ సేకరణ ఇంటినే ఒక ప్రపంచంగా చూపింది.

పెట్రోనెల్లా ద్యునోవా బొమ్మల ఇల్లు 1676 ప్రాంతానికి చెందినది. 1677లో ఆమె వివాహానంతరం ఆమెతోపాటు లైడెన్ నగరానికి చేరింది. పెట్రోనెల్లా ఊర్ట్‌మన్ ఇల్లు సుమారు 1686-1710 మధ్య రూపొందింది. ఈమె ఆమ్‌స్టర్‌డామ్ పట్టు వర్తకుడు యోహానెస్ బ్రాంట్ భార్య. ఈ రెండు ఇళ్లూ నేడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో ఉన్నాయి.

ఊర్ట్‌మన్ బీరువా రెండున్నర మీటర్ల ఎత్తు ఉంటుంది. పైన తాబేటి చిప్ప, తగరం కలిపి చేసిన పొదుగుడు పని, లోపల 9 గదులు. అందులోని వస్తువులు అసలు వస్తువులు తయారయ్యే ముడిపదార్థాలతోనే, తగిన నిష్పత్తిలో తయారయ్యాయి. వెండి వస్తువును కంసాలి, గాజు వస్తువును గాజు పనివాడు, బుట్టను బుట్టలల్లేవాడు చేశారు. పింగాణీ పాత్రలను చైనా నుండి తెప్పించారు. దీనికి 20,000 నుండి 30,000 గిల్డర్లు ఖర్చయినట్లు ఆ కాలంలోనే చెప్పుకొన్నారు. ఆ సొమ్ముతో నగరంలో కాలువ ఒడ్డున ఒక పెద్ద ఇల్లే కొనవచ్చు. ఇంత వెచ్చించిన వస్తువును ఆటబొమ్మ అనడం ఎంతమాత్రం సరిపోదు.

4. గదులు తెలిపే గృహజీవనం:

4.1 రెండు వంటగదులు:

ఊర్ట్‌మన్ ఇంట్లో వంటగదులు రెండు. ఒకటి వంట చేసేది, రెండవది పింగాణీని అమర్చి చూపే అలంకార వంటగది. పని జరిగే చోటు, ప్రతిష్ఠను చాటే చోటు వేరువేరుగా ఉన్నాయన్నమాట. వంటగది కూడా అతిథికి చూపదగిన స్థలమైందంటే, ఇంటి శుభ్రత ఆ సమాజంలో కుటుంబ మర్యాదకు కొలమానంగా ఉండేదని గ్రహించవచ్చు.

4.2 బట్టల గది, ఇంధనపు అటక:

డచ్చి బొమ్మల ఇళ్లలో పై అంతస్తు ప్రత్యేకంగా గమనించదగినది. అక్కడ ఉతికిన బట్టలను ఆరవేసి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి దాచే గది ఉంటుంది. పీట్ నిల్వచేసే అటక ఉంటుంది. చిత్తడి నేలల నుండి తవ్వితీసి ఎండబెట్టి పొయ్యిలో వాడే ఇంధనమే పీట్. ఒక ధనిక స్త్రీ తన ఐశ్వర్యాన్ని చూపదలచుకొన్న బీరువాలో ఇంధనం దాచే అటకకు చోటెందుకు ఇచ్చినట్లు? గృహిణి ప్రతిభ హాలులోని తైలవర్ణ చిత్రాల్లో మాత్రమే కాక, చలికాలానికి సరిపడా ఇంధనం, ఏడాదికి సరిపడా దుప్పట్లు సమకూర్చుకోవడంలో కూడా ఉందని ఆమె భావించి ఉండాలి. నిల్వ అనేది ఇక్కడ సంపదకు, ముందుచూపుకు గుర్తు. ఆనాటి చిత్రాల్లో హాలు, పడకగది కనిపించినంతగా పీట్ అటక కనిపించదు. ఈ అటక బొమ్మల ఇంటిని ప్రత్యేక ఆకరంగా నిలుపుతుంది.

4.3 పురిటి గది:

బిడ్డ పుట్టిన తరువాత తల్లి విశ్రాంతి తీసుకొంటూ, చూడవచ్చే బంధుమిత్రులను పలకరించే గది ఈ ఇళ్లన్నిటిలో ప్రధానమైన వాటిలో ఒకటి. నిజమైన ఇళ్లలో దీనిని సాధారణంగా ప్రసవ సమయానికి మాత్రమే సిద్ధం చేసుకొనేవారు. బొమ్మల ఇంట్లో మాత్రం అది శాశ్వతమైన గదిగా, ఖరీదైన అలంకరణతో నిలిచిపోయింది.

ఈ సందర్భంలో మన సంప్రదాయంతో ఉన్న భేదం గమనార్హం. మనకు పురుడు మైలతో ముడిపడినది. పురిటాలు ఇంట్లో ఒక పక్కకు ఒదిగి ఉండాలి. డచ్చి ఇంట్లో అదే సందర్భం ఇంటి ముఖ్యమైన ప్రదర్శనగా మారింది. ఒకే జీవఘట్టానికి రెండు సమాజాలు ఇంట్లో కేటాయించిన చోటును బట్టి వాటి విలువలను పోల్చి చూడవచ్చు.

5. వస్తువు - లిఖితం: సారా రోటే పుస్తకాలు:

సారా రోటే (1699-1751) కృషి సాహిత్య పరిశోధకులకు మరింత ఆసక్తికరమైనది. ఆమె 1743లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన ఒక వేలంలో మూడు పాత బొమ్మల ఇళ్లను కొని, వాటిలోని వస్తువులతో రెండు కొత్త ఇళ్లు కూర్చింది. వాటిలో ఒకటి హార్లెమ్‌లోని ఫ్రాన్స్ హాల్స్ మ్యూజియంలో, మరొకటి ది హేగ్‌లోని కున్‌స్ట్‌మ్యూజియంలో ఉన్నాయి. ఏ గదిలో ఏ వస్తువును ఉంచిందో, దేనికి ఎంత వెచ్చించిందో ఆమె పుస్తకాల్లో రాసిపెట్టుకొంది.

ఈ రాతలు రెండు విషయాలను స్పష్టం చేస్తున్నాయి. మొదటిది, బొమ్మల ఇల్లు ఒకే కాలానికి చెందిన స్థిరమైన వస్తువు కాదు. తాళపత్ర ప్రతిలో తరువాతి లేఖకుల చేర్పులు ఉన్నట్లే, ఇందులోనూ యజమానురాళ్ల చేర్పులు, మార్పులు ఉంటాయి. 1743లో కూర్చిన ఇంట్లో అంతకు మునుపటి తరం వస్తువులు ఉన్నాయి. అందుచేత ప్రతి వస్తువునూ దాని కాలంతో విడిగా పరిశీలించాలి. రెండవది, ఇంటి వివరాలను రాయదగిన విషయంగా ఒక గృహిణి గుర్తించింది. ఆమె పుస్తకాలు లేకపోతే ఈ ఇళ్ల కూర్పు వెనుక ఉన్న ఆలోచన మనకు అందేది కాదు.

6. బొమ్మల ఇంటి పరిమితులు:

బొమ్మల ఇల్లు చెప్పేదంతా యథాతథ సత్యం కాదు. దీనిని ఆకరంగా వాడేటప్పుడు మూడు విషయాలను దృష్టిలో ఉంచుకోవాలి.

మొదటిది వర్గ పరిమితి. ఇవి అత్యంత ధనిక కుటుంబాల ఇళ్లు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒకటి రెండు గదుల్లో కాపురం చేసినవారి జీవితం వీటిలో లేదు.

రెండవది ఆదర్శీకరణ. ఈ ఇంట్లో పొయ్యి పొగచూరదు, బట్ట మాయదు, అప్పులవాడు తలుపు తట్టడు. ఇంటిని ఇలా ఉంచిన దాసీల శ్రమ ఆ శుభ్రతలోనే ఇంకిపోయింది. సముద్రాల అవతలి శ్రమ మరింత దూరమైంది. ఆసియా సరుకులను డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆమ్‌స్టర్‌డామ్‌కు చేర్చేవి. ఆ కంపెనీ 17వ శతాబ్దారంభంలోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం నెలకొల్పి, కోరమాండల్ తీరపు నేతగాళ్లు, అద్దకం పనివారు తయారు చేసిన వస్త్రాలను కొన్నది. డచ్చి గృహాల సౌభాగ్యంలో ఈ తీరపు పనివారి శ్రమకూ భాగం ఉంది. బీరువాలో మాత్రం వారికి గది లేదు.

మూడవది కాలక్రమంలో జరిగిన నష్టం. 1710 ప్రాంతంలో యాకోబ్ అపెల్ అనే చిత్రకారుడు ఊర్ట్‌మన్ బొమ్మల ఇంటిని చిత్రించాడు. ఆ చిత్రంలో గదుల నిండా బొమ్మ మనుషులు ఉన్నారు. వారు దాదాపు అందరూ నేడు కనుమరుగయ్యారు. ఇప్పుడు మ్యూజియంలో చూసేవారికి గదులు, సామగ్రి కనిపిస్తాయి గాని మనుషులు కనిపించరు. ఆ చిత్రం లేకపోతే, ఇల్లు మొదటినుండీ అలాగే ఉండేదని పొరబడే అవకాశం ఉండేది.

7. తెలుగు సందర్భం - ఒక సూచన:

డచ్చి బొమ్మల ఇళ్లు నిలవడానికి వాటి ఖరీదు ఒక ప్రధాన కారణం. వెండిని, పింగాణీని ఎవరూ పారవేయరు. మన పిల్లల బొమ్మరిల్లు ఇసుకలో పుట్టి ఆ సాయంత్రానికే కలిసిపోయింది. అందువల్ల మనకు ఇటువంటి ఆకరమే లేదనుకోవడం తొందరపాటు అవుతుంది. సంక్రాంతికి, దసరాకు పెట్టే బొమ్మల కొలువు ఉంది. ఏటికొప్పాక లక్కపిడతల్లో ఒక పూర్తి వంటిల్లు ఉంది. కొండపల్లి బొమ్మల్లో దంచే, చిలికే, నీళ్లు మోసే స్త్రీలు ఉన్నారు. కొలువు ఇంటికి నమూనా కాదు, దేవతలూ గ్రామమూ కలిసిన సభ. అయినా దానిని పేర్చేది ఎక్కువగా స్త్రీలే. ఏ మెట్టుపై ఏది ఉండాలో నిర్ణయించేదీ, తరతరాలుగా కొత్త బొమ్మలను చేర్చేదీ వారే.

కొలువుకు సంబంధించి పాటలను, పేరంటపు ఆచారాలను సేకరించినంత శ్రద్ధగా మనం వస్తువులను నమోదు చేయలేదు. బొమ్మల పెట్టెను కాపాడిన పెద్దావిడ గతించాక బొమ్మలు పంపకాల్లో చెదిరిపోతాయి. ఏ బొమ్మ ఎవరి పుట్టింటి నుండి వచ్చిందో తెలిపే జ్ఞాపకం ఆమెతోనే పోతుంది. క్షేత్ర పరిశోధకులు ప్రతి కొలువుకూ కనీసం ఐదు వివరాలను నమోదు చేయడం అవసరం: బొమ్మ ఏ పదార్థంతో చేసినది, ఎప్పుడు ఎక్కడ కొన్నది, ఎవరి ద్వారా సంక్రమించినది, కొలువులో దాని స్థానం ఏమిటి, విరిగిపోయిన బొమ్మకు బదులుగా ఏది చేరింది. సారా రోటే తన ఇంటికి చేసుకొన్న పని ఇటువంటిదే. ఆ పుస్తకం మన ఇళ్లలో రాయబడలేదు కనుక పరిశోధకుడు అడిగి రాయవలసి ఉంది.

8. ముగింపు:

డచ్చి బొమ్మల ఇళ్లు వంటగదిని, బట్టల గదిని, ఇంధనపు అటకను, పురిటి గదిని చరిత్రలోకి తెచ్చాయి. అదే సమయంలో శ్రమను, పేదరికాన్ని, దూరదేశాల పనివారిని బయట ఉంచాయి. కాబట్టి వాటిలో ఏముంది అనే ప్రశ్నతోపాటు ఎవరు ఉంచారు, ఏది ఉంచలేదు, తరువాత ఏది పోయింది అనే ప్రశ్నలను కూడా వేసుకోవాలి. సాహిత్య పాఠానికి మనం వేసే ప్రశ్నలూ ఇవే. తాళపత్రాన్ని పరిష్కరించే శ్రద్ధతో బొమ్మల పెట్టెను తెరవగలిగితే, తమ ఇంటిని గురించి ఒక్క వాక్యమైనా రాయని స్త్రీల చరిత్రకు కొన్ని ఆధారాలు దొరుకుతాయి. ఆ పెట్టెలు ఇళ్లలో మిగిలి ఉండగానే ఈ పని మొదలుకావాలి.