పొగగొట్టంలో పొడి ముద్ద కట్టదెందుకు?

ఆళ్లగడ్డ శిల్పి ఉలి దెబ్బకు రాయి పొడి రాలుతుంది. పొడి చిన్నదయ్యేకొద్దీ పైకి తేలే ముఖాలు పెరుగుతాయి. సెంటీమీటరు ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 10 నానోమీటర్ల ముక్కలుగా చేస్తే? 600 చదరపు మీటర్లు!

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వెళ్లే కార్ల పొగగొట్టంలో ఇలాంటి పొడే ఉంటుంది. పేరు సీరియా, అంటే సీరియం ఆక్సైడ్. తేనెపట్టులాంటి గదుల గోడలకు దాన్ని పూస్తారు. పొగలో ఆక్సిజన్ ఎక్కువైతే దాచుకుంటుంది, తక్కువైతే తిరిగిస్తుంది. అలా విషపు కార్బన్ మోనాక్సైడ్ కార్బన్ డయాక్సైడ్‌గా మారడానికి సాయపడుతుంది.

చిక్కు వేడితోనే. ఉపరితలం మీది పరమాణువులకు చుట్టూ సరిపడా తోడు ఉండదు, కుదురుగా ఉండలేవు. వందల డిగ్రీల వేడికి చిన్న రేణువులు కలిసిపోయి పెద్దవవుతాయి. ఉపరితలం తగ్గుతుంది, పని మందగిస్తుంది.

అందుకే శాస్త్రజ్ఞులు సీరియాలో జిర్కోనియం కలుపుతారు. ఇలా కలిపే పరాయి మూలకమే డోపెంట్. జిర్కోనియం అయాన్ సీరియం అయాన్ కంటే చిన్నది. అది చేరిన చోట స్ఫటికం కాస్త వంకర తిరుగుతుంది, ఆక్సిజన్ సులువుగా బయటికొస్తుంది. రేణువులు పెరగడమూ నెమ్మదిస్తుంది. ఒకే చేర్పుతో రెండు మేళ్లు, ఎంత చక్కని ఉపాయం!

జిర్కోనియాకూ, అంటే జిర్కోనియం ఆక్సైడ్‌కూ, డోపెంటే దిక్కు. వేడిలో ఏర్పడిన స్ఫటిక రూపం చల్లారేటప్పుడు మారిపోతుంది, ఉబ్బి పగులుతుంది. కొద్దిగా యిట్రియం కలిపితే ఆ రూపం నిలుస్తుంది. డెంటిస్టు పెట్టే తెల్లని జిర్కోనియా తొడుగు గట్టిగా ఉండేది అందుకే.