గజరాజుల జాడకు గాలిలో కన్ను
ఈ రాత్రి మంద ఎక్కడుందో ముందే తెలిస్తే సగం గండం గడిచినట్లే

కాణిపాకం: బాహుదా నది ఒడ్డున వెలసిన వరసిద్ధి వినాయకుణ్ణి చూడడానికి నిత్యం వేల మంది వస్తారు. పెళ్లయినా, గృహప్రవేశమైనా, కొత్త సేద్యమైనా తొలి పూజ ఆ ఏనుగు ముఖం దేవుడికే. ఇక్కడి నుంచి పడమరగా బంగారుపాళెం దాటి పలమనేరు వైపు వెళితే మాత్రం ఏనుగు పేరు చెబితేనే రైతులు హడలిపోతున్నారు. పొద్దు గుంకితే చాలు, చెరుకు తోటకో, వరి మడికో, టమోటా తోటకో కాపలా తప్పదు. టార్చిలైటు, టపాకాయలు, డప్పు పట్టుకుని మంచె మీద తెల్లవార్లూ జాగారం చేస్తున్నారు.

ఈ కాపలాలో రైతుకు అన్నిటికన్నా పెద్ద కష్టం, మంద ఎటు నుంచి వస్తుందో తెలియకపోవడమే. ఆ జాడ తీయడానికి ఇప్పుడు డ్రోన్లు వచ్చాయి. డ్రోన్ తీసిన ఫొటోల్లో ఏది ఏనుగో, ఏది బండరాయో గుర్తుపట్టే కంప్యూటర్లూ వచ్చాయి. అవి ఎలా పని చేస్తాయి, మన పల్లెలకు ఎంతవరకు అక్కరకు వస్తాయి అన్నది తెలుసుకోవలసిన సంగతి.

వలస వచ్చి నిలిచిపోయాయి

చిత్తూరు అడవుల్లో చాలా తరాల పాటు ఏనుగుల ఊసే లేదు. 1980వ దశకంలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి మందలు ఇటు రావడం మొదలైంది. వచ్చినవి తిరిగి పోలేదు. వాటి కోసం 1990లో పలమనేరు, కుప్పం ప్రాంతాల్లో సుమారు 357 చదరపు కిలోమీటర్ల అడవిని కౌండిన్య అభయారణ్యంగా ప్రకటించారు.

పెరిగిన ఏనుగుకు రోజుకు దాదాపు నూటయాభై కిలోల మేత, వంద లీటర్లకు పైగా నీళ్లు కావాలి. కౌండిన్య అడవి చూస్తే ముళ్లపొదలు, రాళ్లగుట్టలు. ఎండాకాలం వస్తే వాగులు ఎండుతాయి. పక్కనే బోరు కింద పచ్చని చెరుకు తోట కనిపిస్తే ఏనుగు ఆగుతుందా? అలా మొదలైన తగవు నలభై ఏళ్లుగా తెగలేదు.

నష్టం ఇరువైపులా ఉంది. 2023 జూన్ 14 రాత్రి పలమనేరు మండలం భూతలబండ దగ్గర చెన్నై-బెంగళూరు రహదారి దాటుతున్న మూడు ఏనుగులు వాహనం ఢీకొని చనిపోయాయి. 2025 ఫిబ్రవరిలో, శివరాత్రికి ముందు, ఓబులవారిపల్లె మండలం గుండాలకోనకు అడవి దారిన నడిచి వెళుతున్న భక్తుల మీద ఏనుగులు పడగా ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. మంద ఆ దారిలో ఉందన్న కబురు ముందే అందితే తప్పించుకోగల ప్రమాదాలు ఇవి.

పాత లెక్క, కొత్త లెక్క

అడవిలో ఏనుగులను లెక్కించడం తేలిక కాదు. నీటి మడుగుల దగ్గర మాటు వేసి వచ్చినవాటిని లెక్కపెట్టడం ఒక పద్ధతి. అడవిలో నడిచి లద్దెలను లెక్కించి అంచనా కట్టడం మరొకటి. ముందుకాలి జాడ చుట్టుకొలతను రెట్టింపు చేస్తే ఏనుగు ఎత్తు దాదాపుగా వస్తుంది. ఈ సంగతి అడవి సిబ్బందికి ఎప్పటి నుంచో తెలుసు.

అయితే నేడు పలమనేరు వైపు కనిపించిన మందే రేపు సరిహద్దు దాటి కర్ణాటకలోనో, తమిళనాడులోనో కనిపించవచ్చు. ఒక్క మందనే రెండుసార్లు లెక్కపెట్టే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఆ చిక్కు తొలగడానికి దేశమంతటా తొలిసారి లద్దెల నుంచి డి.ఎన్.ఎ. తీసి పరీక్షించారు. 21,056 నమూనాలు సేకరిస్తే అందులో 4,065 వేరు వేరు ఏనుగులు తేలాయి. దాని ఆధారంగా దేశంలో సుమారు 22,446 అడవి ఏనుగులు ఉన్నాయని 2025 అక్టోబరులో ప్రకటించారు. దేశం మొత్తానికి ఈ లెక్క అవసరమే. కాని అది తేలడానికి ఏళ్లు పట్టింది. రైతుకు కావలసింది ఈ సాయంత్రం కబురు.

సాలు పక్కన సాలు

డ్రోన్ పని తీరు దుక్కి దున్నినట్లే ఉంటుంది. సాలు పక్కన సాలు పడినట్టు, అడవి మీద ఒక గీత వెంట పోయి, మళ్లుకుని పక్క గీత వెంట వస్తుంది. మధ్యలో గట్టు మిగలకుండా ఫొటోలు తీస్తుంది. పగలు మామూలు కెమెరా చాలు. రాత్రి పూట వేడిని పసిగట్టే థర్మల్ కెమెరా కావాలి. చల్లబడిన నేల మీద ఏనుగు ఒళ్లు తెల్లని మచ్చలా కనిపిస్తుంది.

దీనికీ ఇబ్బందులు ఉన్నాయి. పగలంతా ఎండకు కాగిన బండలు పొద్దుపోయాక కూడా వేడిగానే ఉంటాయి. అందుకే తెల్లవారుజామున, బండలు చల్లారాక తీసిన ఫొటోలే నమ్మదగినవి. చెట్ల గుబురు కింద నిలబడిన మందను పైనుంచి ఏ కెమెరా చూడలేదు. పైగా చిన్న డ్రోన్ల బ్యాటరీ అరగంటకు అటూ ఇటూగా అయిపోతుంది.

యంత్రానికి చదువు

ఒక్కసారి ఎగిరితే వందల ఫొటోలు వస్తాయి. అన్నింటినీ మనిషి కూర్చుని చూసేసరికి మంద ఊరి మీద పడి పోతుంది కూడా. ఇక్కడే మెషిన్ లెర్నింగ్ అనే విద్య పనికొస్తుంది. పసిబిడ్డకు ‘ఇది ఆవు, అది బర్రె’ అని చూపించి నేర్పుతాం గదా, అదే తీరు. ఏనుగు ఉన్న ఫొటోలు, లేని ఫొటోలు వేలకొద్దీ చూపించి, ఏది ఏదో ముందుగా మనుషులే గుర్తు పెట్టి ఇస్తారు. ఆ తర్వాత కొత్త ఫొటో ఇస్తే కంప్యూటర్ తనంతట తానే చెబుతుంది. బర్రెను చూసి ఏనుగనడం, బండను చూసి పిల్ల ఏనుగనడం దానికీ ఉంది. దిద్దేకొద్దీ నేర్చుకుంటుంది. ఆఫ్రికా ఏనుగులను చూసి నేర్చిన యంత్రానికి మన గుట్టలు, మన చెట్లు మళ్లీ నేర్పాలి.

మన దేశంలో ఈ విద్య ముందుగా అక్కరకు వచ్చింది పులుల లెక్కకు. 2018 గణనలో 26,838 చోట్ల కెమెరాలు కట్టగా 3 కోట్ల 48 లక్షలకు పైగా ఫొటోలు వచ్చాయి. వాటిలో పులులున్నవి 76,651 మాత్రమే. ఏ ఫొటోలో ఏ జంతువు ఉందో కంప్యూటరే వేరు చేసింది. పులి చారలు మన వేలిముద్రల వంటివి. వాటిని పోల్చి దేశంలో 2,967 పులులున్నాయని అంచనాకు వచ్చారు. ఏనుగుకు చారలు లేవు. చెవి చీలికలు, దంతాల తీరు, తోక వెంట్రుకలు చూసి ఒకదాన్ని మరొకదాని నుంచి గుర్తుపట్టాలి. ఆకాశం నుంచి అది కష్టం. మందలో ఎన్ని ఉన్నాయో డ్రోన్ చెప్పగలదు గాని, నిన్నటి మంద ఇదేనా అని ఖాయం చేయడానికి జాడ తీసే మనిషి ఉండాల్సిందే.

కబురు చేరితేనే ఫలం

తమిళనాడులో కోయంబత్తూరు దగ్గర మధుకరై అడవిలో రైలు పట్టాలు దాటుతూ ఏనుగులు చనిపోయేవి. 2024 ఫిబ్రవరిలో అక్కడ 12 టవర్లు నిలిపి, రాత్రి పూట కూడా చూడగల కెమెరాలు బిగించారు. ఏనుగు పట్టాల దగ్గరికి రాగానే కంప్యూటర్ గుర్తించి కబురు పంపుతుంది. రైలు నడిపేవారు వేగం తగ్గిస్తారు. అక్కడ ఏనుగును కాపాడుతున్నది కెమెరా ఒక్కటే కాదు, వేళకు చేరిన కబురు కూడా.

మన జిల్లాలోనూ అటవీ సిబ్బంది మందల కదలిక చూడడానికి డ్రోన్లు వాడుతున్నారు. కర్ణాటకతో 2024 సెప్టెంబరులో ఒప్పందం జరిగాక, 2025 మేలో నాలుగు కుంకీ ఏనుగులు మన రాష్ట్రానికి వచ్చాయి. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం ఏర్పాటయింది. డ్రోన్ జాడ చెబితే కుంకీలు మందను అడవిలోకి మళ్లించగలవు. ఈ రెంటి మధ్య రైతు చెవిన పడే మాట ఒకటి ఉండాలి. సెల్‌ఫోన్‌లో కబురు పెట్టడం మంచిదే. కాని తోట కాపలాకు వెళ్లే ముసలివారిలో, కూలికి పోయే ఆడవారిలో అందరి దగ్గరా ఫోన్లు లేవు. గుట్టల మధ్య సిగ్నల్ కూడా అందదు. పొద్దు గుంకక ముందే పంచాయతీ మైకులోనో, దండోరా వేసో ‘ఈ రాత్రి మంద ఫలానా గుట్ట కింద ఉంది, అటు పోవద్దు’ అని చెప్పించడం అవసరం.

కుర్రకారుకు ఒక హెచ్చరిక. ఏనుగుకు తేనెటీగల రొద అంటే భయం. కెన్యాలో 2007లో జరిగిన పరిశోధనలో ఈ సంగతి తేలింది. డ్రోన్ కూడా అలాగే రొద చేస్తుంది. సరదాకు కొన్న డ్రోన్‌ను మంద మీద ఎగరేస్తే అవి బెదిరి పక్క ఊరి మీద పడవచ్చు. అభయారణ్యంలో అనుమతి లేకుండా ఎగరేయడం నేరం కూడా. చేను చుట్టూ కరెంటు తీగ కట్టడం అంతకంటే పెద్ద ప్రమాదం. ఆ తీగకు ఏనుగూ చస్తుంది, తెల్లవారి నీళ్లు కట్టడానికి వచ్చిన మనిషీ చస్తాడు.

ఏ దారిన మంద వస్తుంది, ఏ నెలలో ఏ చెరువుకు దిగుతుంది అన్నది ఏళ్ల తరబడి కాపలా కాసిన రైతులకు తెలిసినంతగా ఏ కెమెరాకూ తెలియదు. అధికారులు వారిని కూర్చోబెట్టుకుని ఆ దారులు రాసుకుంటే డ్రోన్ ఎక్కడ ఎగరాలో తేలుతుంది. డ్రోన్ చూసినది ఆ సాయంత్రమే ఊరికి చేరితే, మంచె మీది మనిషికి ఒక రాత్రయినా కంటికి కునుకు దొరుకుతుంది.