మూకీల నాటి తెలంగాణ నటుడు పైడి జైరాజ్

పైడి జైరాజ్ 1909 సెప్టెంబర్ 28న కరీంనగర్‌లో పుట్టారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి, 1929లో సినిమాల కోసం బొంబాయి వెళ్లారు. అప్పటికి హైదరాబాద్‌లో ఇప్పటిలాంటి స్టూడియోలు లేవు. ఉప్పల్ పక్కనున్న నాచారంలో ఎన్టీఆర్ రామకృష్ణా స్టూడియోస్ వెలసింది దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత.

మూకీల్లో నటుడి మాతృభాష ఏదైనా ఒకటే. కెమెరా తిరుగుతుండగానే దర్శకుడు పక్కనుంచి కేక వేసి చెప్పేవాడు: తల తిప్పు, కత్తి దూయి. మైకు లేదు కాబట్టి ఆ కేక తెరమీద వినపడదు. కళ్లు, నడక, ఒడ్డూపొడుగూ మాట్లాడాలి. అవి జైరాజ్‌కు పుష్కలం. జపాన్ నుంచి అమెరికా వెళ్లిన సెస్యూ హయకావా 1915 నాటి 'ది చీట్'తో హాలీవుడ్‌లో వెలిగిందీ ఈ మూగభాషతోనే.

1931లో 'ఆలం ఆరా'తో టాకీలు మొదలయ్యాక చాలామంది మూకీ నటులు వెనకబడ్డారు. జైరాజ్ నిలబడ్డారు, హైదరాబాద్‌లో అబ్బిన ఉర్దూ ఆయనకు పెద్ద అండ. అమర్‌సింగ్ రాథోడ్, టిప్పు సుల్తాన్ వంటి చారిత్రక పాత్రలు ఆయన్ను వెతుక్కుంటూ వచ్చాయి. 1945లో 'ప్రతిమ'కు దర్శకత్వం వహించారు.

వయసు మీరాక క్యారెక్టర్ వేషాలకు మారారు. 'షోలే' (1975)లో పోలీసు అధికారి ఆయనే. కనిపించేది కొద్దిసేపే అయినా ఆ హుందాతనం గుర్తుండిపోతుంది. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు. 2000 ఆగస్టు 11న ముంబయిలో కన్నుమూశారు. హైదరాబాద్ రవీంద్రభారతిలోని ప్రివ్యూ థియేటర్‌కు ఆయన పేరే పెట్టారు.