కొట్టుకి ఇంటర్నెట్టు

మాది బరంపురంలో చిన్న పట్టుచీరల కొట్టు. మా మామగారి రోజుల్లో ఆర్డర్లు కార్డుముక్క మీద వచ్చేవి. ఇప్పుడు హైదరాబాదు నుంచీ పుణే నుంచీ వీడియో కాల్ చేసి, "అక్కా, కొంగు విప్పి చూపించండి" అంటున్నారు.

పోయిన పెళ్ళిళ్ళ సీజనులో లైను నాలుగు రోజులు పడిపోయింది. కంపెనీ పేరెందుకు లెండి, ఎప్పుడు అడిగినా "రేపు మనిషి వస్తాడు" అనేవారు. పద్నాలుగు చీరల బేరం చేజారింది. మా వారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఈసారి నేనే పూనుకున్నాను. కంపెనీలు గొప్పగా చెప్పేది మనకొచ్చే స్పీడు. చీర చూపించడానికి కావలసింది మనం పంపే స్పీడు. పాత రాగితీగ లైన్లలో అది బాగా తక్కువ. ఫైబరులో రెండూ సమానంగా ఇచ్చే ప్లానులున్నాయి, అడిగి కాగితం మీద రాయించుకున్నాను. చెప్పిన ధర మీద 18 శాతం జీఎస్టీ అదనం. రిజిస్ట్రేషను ఉంటే కొట్టు పేరున బిల్లు వేయించుకోండి, మన పన్నులో తగ్గించుకోవచ్చు.

అన్నిటికన్నా పక్క కొట్లవాళ్ళ మాటే పనికొచ్చింది. తెగితే ఎన్ని గంటల్లో వస్తారన్నది వాళ్ళకే తెలుసు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను చూసినవాళ్ళం, స్తంభాల మీది తీగను పూర్తిగా ఎలా నమ్ముతాం? అందుకే వేరే కంపెనీ సిమ్ముతో ఒక డాంగిల్ కూడా ఉంచాం. రూటరుకి చిన్న బ్యాటరీ పెట్టాం.

నిన్న కరెంటు పోయినా కాల్ తెగలేదు. పుణే ఆవిడ మూడు చీరలు తీసుకుంది. నాలుగోదాని అంచు నచ్చలేదట.