గెలాక్సీ సమూహాలు ఢీకొన్నవేళ: వేగాన్ని తెలిపే ఆఘాత తరంగం

శూన్యంలో ధ్వని ప్రయాణించదని తరగతిలో మనమే చెబుతాము. మరి అంతరిక్షంలో ఆఘాత తరంగాలు ఎలా పుడతాయని ఒక విద్యార్థి అడిగితే ఏమి చెప్పాలి? ప్రశ్న న్యాయమైనదే. ఒక మాధ్యమంలో ధ్వనికంటె వేగంగా ఏదైనా దూసుకుపోయినప్పుడు పుట్టేదే ఆఘాత తరంగం. ధ్వనిని మించిన వేగంతో యుద్ధవిమానం వెళ్లినప్పుడు వినిపించే ఉరుమువంటి మోత దాని ఫలితమే. మాధ్యమం లేనిచోట అది సాధ్యం కాదు.

అయితే గెలాక్సీ సమూహాల లోపలి భాగం పూర్తి శూన్యం కాదు. గురుత్వాకర్షణచే కట్టుబడిన వందల, ఒక్కొక్కచోట వేల గెలాక్సీల కూటమిని గెలాక్సీ సమూహమంటారు. ఆ గెలాక్సీల నడుమ మిక్కిలి పలుచని వాయువు నిండి ఉన్నది. పలుచనిదైనా లక్షల కాంతి సంవత్సరాల మేర వ్యాపించినందున, దాని మొత్తం ద్రవ్యరాశి అక్కడి నక్షత్రాలన్నింటి ద్రవ్యరాశికి అనేక రెట్లు. దాని ఉష్ణోగ్రత కోట్ల డిగ్రీలు. అంతటి వేడి వాయువు ఎక్స్ కిరణాలను వెలువరిస్తుంది. భూవాతావరణం వాటిని అడ్డగిస్తుంది కనుక, చూడదలచిన దూరదర్శిని అంతరిక్షంలోనే ఉండాలి.

అట్టి దూరదర్శినులలో ఒకటి, సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరిట నాసా 1999 జూలైలో ప్రయోగించిన ‘చంద్ర’. దాని చిత్రాల ఆధారంగా 2002లో మాక్సిమ్ మార్కెవిచ్ బృందం ఒక చక్కని ఆఘాత తరంగాన్ని ప్రకటించింది. దక్షిణాకాశంలో అగస్త్య నక్షత్రం కనిపించే దిక్కుననే, దానికి ఎంతో వెనుక, సుమారు 370 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు గెలాక్సీ సమూహాలు ఢీకొన్నాయి. చిన్న సమూహపు వాయువు పెద్దదాని వాయువును చీల్చుకొని తుపాకి గుండువలె దూసుకుపోయింది. అందుచేత దీనికి ‘బులెట్ క్లస్టర్’ అని పేరు. పడవ ముక్కు ముందు లేచే అలవలె, ఆ గుండుకు ముందు విల్లు ఆకారపు తరంగం కనిపించింది.

దాని వేగాన్ని ఎలా లెక్కించారు? వాయువు సాంద్రత రెట్టింపైతే ఎక్స్ కిరణాల వెలుగు నాలుగు రెట్లవుతుంది. కనుక వెలుగులోని మార్పునుబట్టి సాంద్రతలోని మార్పును గణించవచ్చును. తరంగపు అంచువద్ద సాంద్రత హఠాత్తుగా సుమారు 3 రెట్లు పెరిగింది. వెలుగు పెరిగినంత మాత్రాన అది ఆఘాత తరంగం కాదు. వెనుకనున్న వాయువు వేడెక్కి ఉండాలి. ఎక్స్ కిరణాల శక్తిని పరిశీలించి ఆ సంగతిని కూడా నిర్ధారించారు. సాంద్రత 3 రెట్లు పెరగాలంటే తరంగవేగం ధ్వనివేగానికి 3 రెట్లుండాలని సూత్రం చెబుతుంది. మన గాలిలో ధ్వనివేగం సెకనుకు 340 మీటర్లు. ఆ వేడి వాయువులో 1,500 కిలోమీటర్ల పైచిలుకు. ఆ విధంగా తరంగవేగం సెకనుకు సుమారు 4,700 కిలోమీటర్లని తేలింది.

ఇక్కడే ఒక చిక్కు ఎదురైనది. గెలాక్సీలతోపాటు అధిక ద్రవ్యరాశి ముందుకు సాగిపోగా, వాయువు వెనుకబడినదని 2006లో తెలియవచ్చింది. కృష్ణ పదార్థానికి ఇది ప్రబల సాక్ష్యమైనది. కాని చిన్న సమూహమే 4,700 కిలోమీటర్ల వేగంతో ఢీకొన్నదనుకుంటే, కృష్ణ పదార్థంపై ఆధారపడిన ప్రామాణిక సిద్ధాంతం ప్రకారం అంతటి వేగం అత్యంత అరుదు. సాక్ష్యమే సిద్ధాంతానికి ఎదురు తిరిగినట్లయినది.

2007లో వోల్కర్ స్ప్రింగెల్, గ్లెనిస్ ఫరార్ కంప్యూటర్‌పై ఈ తాకిడిని పునర్నిర్మించి చూశారు. చిన్న సమూహపు వేగం సుమారు 2,700 కిలోమీటర్లే ఉన్నా అటువంటి తరంగం పుడుతుందని తేలింది. ముఖ్య కారణమేమనగా, ఎదుటి వాయువు నిశ్చలంగా లేదు. గురుత్వాకర్షణవల్ల గుండువైపే వచ్చి పడుతున్నది. వరద ఏటికి ఎదురుసాగే పడవ వేగాన్ని నీటినిబట్టి కొలిస్తే ఎక్కువ, గట్టునుబట్టి కొలిస్తే తక్కువ. ఆఘాత తరంగం మనకు చూపినది నీటినిబట్టి కొలిచిన వేగమే.

ఏ వేగమైనా దేనినిబట్టి కొలిచారో అడగాలని పిల్లలకు సాపేక్ష వేగం పాఠంలో చెబుతాము. ఆ చిన్న పాఠమే ఇంత పెద్ద సందేహాన్ని చాలావరకు తీర్చినది.