మీకు తెలుసా? 2898 వెనుకనున్న లెక్క

‘కల్కి 2898 ఏ.డి.’ చలనచిత్రపు పేరులోని 2898 అను సంఖ్యకు, కలియుగము ఆరంభమైనదని సంప్రదాయ గణనము చెప్పెడి క్రీస్తుపూర్వపు 3102ను చేర్చినచో, సరిగా 6000 వచ్చును.

నాగ్ అశ్విన్ దర్శకత్వమున రూపొంది 2024 జూన్ 27న విడుదలయైన యీ చిత్రము, కురుక్షేత్ర సంగ్రామమునకు ఆరువేల యేండ్ల తరువాతి లోకమును చూపుచు, అమితాబ్ బచ్చన్ ధరించిన అశ్వత్థామ పాత్రను ఆ రెండు కాలములకును వారధిగా నిలిపినది. దీని చిత్రీకరణము రంగారెడ్డి జిల్లాలోని రామోజీ ఫిల్మ్ సిటీలో, 2021 జూలైలో మొదలైనది.

ఆ పాత్రకు మూలమైన ఘోరకృత్యము మహాభారతమందలి సౌప్తికపర్వమున కలదు. తొడలు విరిగి నేలకొరిగిన దుర్యోధనుని ఆజ్ఞచే సేనాపతిగా అభిషిక్తుడైన అశ్వత్థామ, కృపుడును కృతవర్మయు శిబిరద్వారమున కాచియుండగా, అర్ధరాత్రమున లోనికి జొచ్చి, తన తండ్రిని చంపిన ధృష్టద్యుమ్నుని, ద్రౌపది కుమారులైదుగురిని సంహరించెను. ఆ దారుణము నుండి తప్పించుకొన్న ధృష్టద్యుమ్నుని సారథియే తెల్లవారిన పిదప ధర్మరాజునకు వార్త తెచ్చినవాడు.

అటుపిమ్మట ఉత్తర గర్భస్థ శిశువుపై సైతము అస్త్రమును మరల్చిన అశ్వత్థామకు శ్రీకృష్ణుడు విధించిన శాపము, వ్యాసభారతము ప్రకారము, మూడువేల యేండ్ల ఏకాకి సంచారము. చిత్రకథ ఆ అవధిని రెట్టింపు చేసినది.